సంచి బరువు

మిర్యాలగూడల, రైలు పట్టాల అవతల,
కింద టైర్ల పంక్చరు, మీద మా ఆఫీసు.
ఆఫీసంటే రెండు కుర్చీలు,
వడ్ల దుమ్ము మింగి దగ్గే ఏసీ,
జానిమియా వదిలిపోయిన ల్యాప్‌టాపు.

దాంట్ల ఒకటే ఫోల్డరు.
ఫోల్డర్ల అరవై మూడు ఫైళ్లు:
హాలియా. హాలియా కొత్తది. హాలియా కొత్తది అసలు.
హాలియా అసలు ముట్టొద్దు.
నిడమనూరు రెండో కాంటా.
వాన పడ్డనాడు.
టెస్టు. టెస్టు కాదు.

ఐకేపీ సెంటర్ల వడ్ల సంచి ఎక్కంగనే
కాంటా బ్లూటూతుల ట్యాబుకు బరువు చెప్తది,
వైరు లేకుండ, చెవిల చెప్పినట్టు.
చెప్పాలంటే ముందుగాల ఇద్దరికి ఎరుక కావాలె:
నీ పేరేంది, నీ అడ్రసేంది,
నాలుగంకెల రహస్యమేంది,
పలకకుంటే ఎన్ని సెకన్లు ఓపిక పట్టాలె,
కిలోలల్ల మాట్లాడతవా, గ్రాములల్లనా,
వట్టి సంచి బరువు ఎంత తీసెయ్యాలె.
గదంత రాసి పెట్టేదే ఫైలు,
లగ్గానికి ముందు పెద్దమనుషులు రాసుకునే కాయితమసొంటిది.

యాసంగి కాంటాలు పదకొండు రోజులల్ల మొదలు.
అన్నీ సదురుమన్నడు సారు.
సదురుడంటే నాకెరుకైంది మిరపకాయ ఏరుడే,
తాలుది ఒక దిక్కు, మంచిది ఒక దిక్కు.
ఈడ తాలేదో మంచిదేదో
అన్నీ ఒకటే ఎరుపు.

అన్నింట్ల ఒక్క తీరుగున్నయి ఏరి
ఒక తల్లి ఫైలు చేసిన:
గ్రాములు. ఎనిమిది సెకన్ల ఓపిక. సంచి ఐదువందల ఎనభై.
ఇగ ఊరికొక పిల్ల ఫైలు.
తనకు మాత్రమే ఉన్నది తను రాసుకుంటది,
మిగతాది తల్లినడుగుతది.
నలభై లైన్లు నాలుగైనయి.

నడుమ నడుమ జానిమియా మాటలు,
మిషను చదవక దాటిపోయే లైన్లు:
# ఈ కాంటా పొద్దుగాల తొందరగ లేవది. రెండుసార్లు పిలువు.
# టవరు దిక్కు మొఖం పెట్టకుర్రి.
# ఈ లైను తీస్తే ఆగిపోతది. ఎందుకో నాకూ తెల్వది.
తీసి చూసిన. ఆగిపోయింది.
మళ్ల పెట్టిన.

రాత్రి పదిన్నరకు ఊట్లగూడెం ఫైలు.
సంచి: పదిహేనువందల ఎనభై.
ఐదు ముందట ఒక ఒకటి.
ఉత్త నిలువు గీత, గడ్డిపోచంత.

సంచికి కిలో.
మోసిన హమాలి భుజానికి తెలిసే ఉంటది,
భుజం రసీదు ఇయ్యది కద.
రెండు పంటలు, పదకొండు వేల సంచులు.
క్యాలిక్యులేటరు అవసరం పడలే,
ఎన్ని సంచులో అన్ని కిలోలు.

ఏలు జారిందా, జార్చిండ్రా?
ఫైలుకు తారీఖు యాదికుంది, మనిషి యాదికి లేడు.
గా వారమంత జానిమియా
బిడ్డ కాన్పుకని దామరచర్లల ఉన్నడు,
లీవు కాయితం ఇంక సొరుగులనే ఉంది.
ల్యాప్‌టాపుకేమో తాళం లేకుండె,
కాంటాలన్నిటి రహస్యం నాలుగు సున్నలు.

గీ ఒక్క లైను కొట్టేస్తే చాలు,
పిల్ల పోయి తల్లినడుగుతది,
రేపటి సంది బరువు సరిగనే వస్తది.
అరవై మూడు ఫైళ్లు సాపుగ,
సారు శభాష్ అంటడు,
ఊట్లగూడెంల ఎవ్వరికీ ఏమీ కానట్టే.
సదురుట్ల గిది కూడ ఒక భాగమని
ఇప్పటిదాంక తట్టలేదు నాకు.

కింద పంక్చరాయన షట్టరు గుంజిండు.
కొత్త ఫైలుల లైను కొట్టేసిన.
పాతది పక్కకు తీసి, పెన్‌డ్రైవుల ఒకటి, నా మెయిలుకొకటి,
పేరు మార్చిన:
ఊట్లగూడెం అసలు ముట్టొద్దు.

తెల్లారి ఏడింటికి ఫోన్ చెయ్యాలె
సంఘం లీడరు పిట్టల సోమలక్ష్మికి.
ఏమని మొదలుపెట్టాలో
ఇంక కుదరలే.
ల్యాప్‌టాపు మూసే ముందు, ఫైలు పైన,
మిషను చదవని జాగల రాసిన:

# సంచికి కిలో. ఎందుకో తెల్వాలె.